కళాసి బ్రతుకు: రెండు నవలలు

శ్రమకు గౌరవము కలదని బోధింపని వక్త లేడు. ఏ సభకు పోయినను, ఏ పాఠశాల వార్షికోత్సవమునకు పోయినను ఆ మాట వినబడుచునే యుండును. ఆ మాటనే కథగా మలచి బాలుర చేతికిచ్చిన యాంగ్లగ్రంథములలో రడ్యార్డ్ కిప్లింగు 1897లో ప్రకటించిన 'కెప్టెన్స్ కరేజియస్' మిక్కిలి పేరుపొందినది. అది మంచి పుస్తకమే. పదియేండ్ల పిల్లవాడు మొదలు అఱువదియేండ్ల తాతవఱకు చేతబట్టిన విడువకుండ చదివించును. అట్టి పుస్తకమునే మనము నిదానించి పరీక్షింపవలెను. చెడ్డ పుస్తకము తనంతట తానే మూలబడును గదా.

కథ స్వల్పము. హార్వే షేన్ పదునైదేండ్ల వాడు. అమెరికాలో రైలుమార్గములు గల కోటీశ్వరుని యేకపుత్రుడు. పొగయోడనుండి జాఱి సముద్రమున పడగా, మాన్యుయెల్ అను పోర్చుగీసు జాలరి తన చిన్న పడవలోనికి లాగి బ్రతికించును. ఆ పడవ గ్లాస్టరు రేవునకు చెందిన యొక తెరచాప యోడది. న్యూఫౌండ్‌లాండు దాపుననున్న గ్రాండ్ బ్యాంక్స్ అను సముద్రపు మెఱకలలో అది కాడ్ చేపల వేటకు వచ్చినది. ఓడ నాయకుడు డిస్కో ట్రూప్ బాలుని ధనపు గొప్పలను నమ్మడు. వేట ముగియనిదే యోడను మరలింపననియు, అంతవఱకు నెలకు 10½ డాలర్ల జీతమునకు కళాసిగా పనిచేయుమనియు చెప్పును. తన సొమ్ము దొంగిలించితిరని కుఱ్ఱవాడు నిందింపగా ముక్కుమీద నొక గ్రుద్దు గ్రుద్దును. హార్వేకు విద్యారంభ మదియే.

కిప్లింగు జాలరి కాడు. వర్మాంటులో కాపురమున్నప్పుడు ఆయన వైద్యుడు జేమ్స్ కాన్‌లండ్ యౌవనమున జాలరి యోడలలో పనిచేసినవాడగుటచే, ఆయన నడిగి తెలిసికొని, రేవులకు పోయి కన్నులార చూచి వ్రాసెను. ఆ పూనికకు ఫలము చేపలను కోయు ఘట్టము. దినమంతయు గాలములు వేసి తెచ్చిన చేపలు ఓడమీద మోకాలిబంటిగా పడియుండగా ఒకడు గొంతు కోయును. ఒకడు కాలేయమును బుట్టలో వేసి, తలను ప్రేవులను సముద్రముపాలు చేయును. వేఱొకడు వెన్నెముకను తీసి చేపను రెండు ఱెక్కలుగా విప్పును. అది తొట్టిలో పడగనే హార్వే పంగలకఱ్ఱతో నోడ గర్భములోనికి నెట్టవలెను. క్రింద నిద్దఱు ఉప్పు దట్టింతురు. ఒక చేయి నిలిచినచో అన్ని చేతులును నిలిచిపోవును. పనియొక్క లయ, పనివాని నడుము నొప్పి, అర్ధరాత్రమున కన్నులు మూతపడుచున్నను చేయి యాగకుండుట, ఇవి యింత స్పష్టముగా నిరూపింపబడిన గ్రంథములు నేను చదివినవానిలో నరుదు. మన ప్రబంధకవులు సముద్రమును వర్ణించిరి. దానిమీద నొక్కడైనను పనిచేయుచున్నట్లు తోచదు.

చేపనెత్తురును ఉప్పునీరును ఒరసికొనుటచే హార్వే చేతులమీద కురుపులు లేచును. నాయకుని కొడుకు డాన్ వానిని క్షురకత్తితో కోసి, నీవిపుడు మాలో నొకడవైతివని మెచ్చుకొనును. ఆ కురుపులను కిప్లింగు హార్వేను తనలో చేర్చుకొనిన కులమునకు గుఱుతుగా వర్ణించెను. ఆంగ్లేయుడు అలవోకగా వాడిన యా మాటను మనము అలవోకగా చదువజాలము. కులపు గుఱుతు ఒక ఋతువులో మానిపోవుట ఎవనికి? హార్వేకే. డాన్ చేతులమీద మరుసటి వేటకు మరల లేచును.

గ్రంథమునకు గల లోపమంతయు ఇందే యున్నది. హార్వేకు శ్రమ జీవనము కాదు, ఔషధము. మొండి కుఱ్ఱవానికి నాలుగు నెలలు కషాయము త్రాగించిన ట్లతనిచే త్రాగించి, నయమైన పిదప గ్రంథకర్త గిన్నె కడిగి బోర్లించెను. తండ్రి సొంత రైలుపెట్టెలో ఖండమంతయు దాటి వచ్చును. కొడుకు విశ్వవిద్యాలయమునకు పోయి, తండ్రి యోడలకు యజమాని కాబోవును. డాన్ ఆ యోడలలో నొకదానిపై నుద్యోగి యగును. నల్లవాడైన వంటవాడు హార్వే వెంట పరిచారకుడై నడుచును. ప్రాణము నిలిపిన మాన్యుయెల్ మాత్రము తనకు ధనమేల యని, పేద వితంతువుల పట్టిక గల యొక పురోహితుని చూపించి, ఈయదలచినది వారికిమ్మనును. ఆ వితంతువు లెవరి భార్యలో కిప్లింగు ఎఱుగును. ఆ సంవత్సరము సముద్రమున పోయినవారి పేళ్లను గ్లాస్టరు సభలో చదువు ఘట్టమును వ్రాసినవా డాయనయే. ఆ రెండు మూడు పుటలలో సత్యము తలుపు తట్టినది. గ్రంథకర్త తలుపు తీయలేదు.

ఆ తలుపును బ్రద్దలు కొట్టినవాడు జపానుదేశీయుడు కొబయాషి తకిజి. 1929లో వెలువడిన ఆయన నవల 'కానికోసెన్'. కమ్చట్కా ప్రాంతపు సముద్రమున పీతలను పట్టి, అక్కడనే డబ్బాలలో నింపు నోడ కథ యది. అది కర్మాగారమే గాని యోడ కాదని నౌకాశాసనము వర్తింపదు. ఓడయే గాని కర్మాగారము కాదని కర్మాగారశాసనమును వర్తింపదు. రెండు శాసనముల నడుమ పడినవాడు కూలివాడు. మునిగిపోవుచున్న మఱియొక యోడ సాయము కోరగా, పని చెడునని పర్యవేక్షకుడు పోనీయడు. కూలీలు సమ్మె కట్టినపుడు తమ దేశపు యుద్ధనౌక కనబడగా, తమకొఱకే వచ్చినదని సంతోషింతురు. అది వారి నాయకులను పట్టుకొనిపోవును. ఆ గ్రంథకర్త 1933 ఫిబ్రవరి 20న, 29వ యేట, పోలీసుల హింసచే మరణించెను. ఆయన పుస్తకము 2008లో మరల జపానులో విశేషముగా చదువబడినది.

అయినను దీనియందును కొఱత లేకపోలేదు. కూలీలకు పేళ్లు లేవు. గుంపే నాయకుడని రచయిత యభిప్రాయము. అది బుద్ధిపూర్వకమే కావచ్చును గాని, పుస్తకము మూసిన పిదప ఆ మనుష్యునకు జరిగిన యన్యాయ మంతయు మనకు తెలియును. ఆ మనుష్యునికి తెలిసినదేమో తెలియదు. డిస్కో ట్రూప్ సముద్రపు టడుగుమన్ను వ్రేళ్లతో తడవి, వాసన చూచి చేప యెక్కడనున్నదో చెప్పగలడు. కొబయాషి కూలీలలో నట్టి విద్యావంతుడు కనబడడు.

మనకు గ్లాస్టరు దూరము, కమ్చట్కా మఱియు దూరము. శ్రీకాకుళము దూరము కాదు. ఆ తీరపు జాలరులు నెలలతరబడి గుజరాతునందలి వేరావలు రేవులో యంత్రపు పడవలమీద కళాసులుగా కుదురుచున్నారు. 2018 నవంబరులో అట్టివారు కొందఱు పాకిస్తానువారికి పట్టుబడి, వారిలో 20 మంది 2020 జనవరిలో వాఘాద్వారమున తిరిగి వచ్చిరి. ఆ వృత్తాంతము నాధారముగా చేసికొని 2025లో 'తండేలు' అను తెలుగు చలనచిత్రము వచ్చినది. తండేలనగా పడవ నడపు పెద్ద. పేరు పనిది, కథ ప్రేమది, చెఱసాలది. వల లాగు చేతులకు దొరికిన చోటు కొంచెమే. బయలుదేరక పూర్వము ముందుగా పుచ్చుకొనిన సొమ్మెంత, పట్టిన చేపలో కళాసి వంతెంత, వాని పిల్లవాడు ఏ తరగతిలో బడి మానెను? ఇవి కథకు పనికిరాని ప్రశ్నలని మన రచయితలకు తోచుచున్నది కాబోలు.

నా మట్టుకు నేను కిప్లింగు పుస్తకమును తరగతిలో మానను. చేపలు కోయు ఘట్టమును చదివించి, పిదప కోటీశ్వరుడు బహుమానము లీయవచ్చు ఘట్టమును చదివించి, మరుసటియేడు ఆ దినములలో హార్వే యెక్కడ నుండును, మాన్యుయెల్ ఎక్కడ నుండునని పిల్లల నడుగుదును.