‘మిసెస్ డాలోవే’ నవల – యుద్ధానంతర మానసిక వేదన: రేజియా పాత్ర పరిశీలన

వ్యాససంగ్రహం:
మొదటి ప్రపంచయుద్ధం ముగిసిన ఐదేళ్లకు లండన్ నగరంలో గడిచిన ఒక్క రోజు వర్జీనియా వుల్ఫ్ రచించిన ‘మిసెస్ డాలోవే’ (1925) నవలకు ఇతివృత్తం. యుద్ధం మిగిల్చిన మానసిక వేదనలో సైనికుని భార్య వహించిన భారాన్ని, దానికి గుర్తింపు దక్కని తీరును ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: యుద్ధం, షెల్‌షాక్, దాంపత్యం, చైతన్య స్రవంతి, రేజియా.

1. ఉపోద్ఘాతం
తెలుగు విమర్శలో వుల్ఫ్ ప్రస్తావన ఎక్కువగా చైతన్య స్రవంతి శిల్పచర్చలో కనిపిస్తుంది. ఈ నవలలో ఆ శిల్పం సైనికుని మనస్సుతో పాటు అతని పక్కన కూర్చున్న భార్య మనస్సును కూడా పాఠకుని ముందుంచింది.

2. సెప్టిమస్ – స్పందించని మనస్సు
సెప్టిమస్ స్వచ్ఛందంగా సైన్యంలో చేరినవాడు. యుద్ధవిరమణకు కొద్దిముందు ఆప్తుడైన అధికారి ఎవాన్స్ మరణించినప్పుడు తనకు దుఃఖం కలగకపోవడాన్ని నిబ్బరంగా భావించాడు. తనలో అనుభూతే నశించిందని తరువాత గ్రహించి భీతిల్లాడు. ఆ భయంలోనే మిలాన్‌లో తాను బస చేసిన ఇంటి అమ్మాయి లుక్రేజియాతో పెళ్లి నిశ్చయించుకున్నాడు. ఆ విధంగా యుద్ధగాయమే ఈ దాంపత్యానికి పునాది అయింది.

3. రేజియా – చెప్పుకోలేని వేదన
టోపీలు కుట్టే తోబుట్టువులను విడిచి పరాయిదేశం వచ్చిన రేజియాకు తన బాధ చెప్పుకునే తోడు లేదు. ఆమె బిడ్డను కోరుకుంటుంది. ఇటువంటి లోకంలోకి బిడ్డలను తీసుకురాకూడదని అతని నిశ్చయం. వేలు సన్నబడి ఉంగరం నిలవక ఆమె దానిని పర్సులో దాచుకుంటే, వివాహబంధం తెగిపోయిందని అతడు భావిస్తాడు.

డాక్టర్ హోమ్స్ జబ్బేమీ లేదంటాడు. సర్ విలియం బ్రాడ్‌షా జబ్బు తీవ్రతను గుర్తించినా, భర్తను ఆమెకు దూరంగా విశ్రాంతిగృహంలో ఉంచాలంటాడు. అయితే సెప్టిమస్‌ను కాసేపైనా మామూలు మనిషిని చేసింది ఆమె కుడుతున్న టోపీయే. అతడు పూలు, రిబ్బన్లు అమరుస్తాడు, ఆమె కుడుతుంది, ఇద్దరూ నవ్వుకుంటారు. ఇంతలో హోమ్స్ వస్తాడు. రేజియా అడ్డుపడినా ఆగడు. సెప్టిమస్ కిటికీలోంచి దూకి మరణిస్తాడు.

4. ముగింపు
ఆ రాత్రి క్లారిస్సా ఇచ్చిన విందులో, షెల్‌షాక్ ఆలస్యంగా చూపే ప్రభావాలకు రాబోయే చట్టంలో ఏర్పాటు ఉండాలని బ్రాడ్‌షా అంటాడు. మృతునితో క్లారిస్సా తాదాత్మ్యం చెందడాన్ని నవలకు పరాకాష్ఠగా భావించవచ్చు. కాని ఆ తాదాత్మ్యం అతని భార్య వరకు చేరదు. మందు మత్తులో నిద్రలోకి జారిన రేజియాను అక్కడెవరూ తలచుకోరు. ఆమె ఐదేళ్ల వేదనను దగ్గరగా చూసిన పాఠకునికి మాత్రమే ఆ లోటు తెలుస్తుంది. యుద్ధసాహిత్య అధ్యయనం సైనికునితో ఆగిపోకుండా అతని ఇంటిని కూడా పరిగణించవలసిన అవసరాన్ని ఈ నవల స్పష్టం చేస్తోంది.