స్మృతిలోని సముద్రం: అర్ణవ వర్ణన, భూదృశ్య చిత్రం

దండి కావ్యాదర్శంలో మహాకావ్యానికి విధించిన వర్ణనల్లో నగరం తరవాతి స్థానం అర్ణవానిది. అష్టాదశ వర్ణనల పేరుతో తెలుగు ప్రబంధకవులు ఈ నియమాన్ని స్వీకరించారు. దానితో సముద్రాన్ని వర్ణించడానికి సముద్రాన్ని చూడవలసిన అవసరం లేకపోయింది. రత్నాలు, బడబాగ్ని, మైనాకుడు, లక్ష్మీజననం, అగస్త్యుని ఆపోశనం, ఈ సామగ్రి చాలు. ఇటువంటి వర్ణనలను 'పదచిత్రాలు' అనడం విమర్శలో పరిపాటి. కాని ఆ మాట ఇక్కడ పొసగదు. చిత్రంలో చూసేవాడు నిలబడిన చోటు ఒకటి ఉంటుంది. అర్ణవ వర్ణనలో చాలాసార్లు ఒడ్డే ఉండదు.

యాత్రాస్మృతి ఆధారంగా వేసే సముద్రతీర చిత్రాన్ని ఈ దృష్టితో పరిశీలించాలి. కృష్ణా మెట్టసీమకు చెందిన జగ్గయ్యపేట, నందిగామ ప్రాంతాలు ఇందుకు తగిన ఉదాహరణ. వేదాద్రి, ముక్త్యాల వద్ద కనిపించే కృష్ణే హంసలదీవి వద్ద సాగరంలో కలుస్తుంది. మాఘపూర్ణిమ స్నానానికి వెళ్ళిన మెట్టవాసికి సముద్రం పరాయిది కాదు, తన ఏటి చివర. 2022 ఏప్రిల్‌లో ఈ ప్రాంతాలు ఎన్‌టీఆర్ జిల్లాలో చేరాయి. తీరమంతా కృష్ణా జిల్లాకే మిగిలింది. సొంత జిల్లా పటంలో ఉన్న సముద్రం ఇప్పుడు జ్ఞాపకంలో మాత్రమే సొంతం.

మంగినపూడి తీరంలో కాలికి తగిలేది పసిడి ఇసుక కాదు, నల్లని ఒండ్రుమట్టి. అయినా ఇంటికి వచ్చి కుంచె పట్టినప్పుడు చెయ్యి నీలం వైపే పోతుంది. కవిసమయమూ అచ్చుబొమ్మలూ నేర్పిన రంగు అది. కామసూత్రాలకు యశోధరుడు రాసిన జయమంగళ వ్యాఖ్య చిత్రానికి చెప్పిన షడంగాల్లో సాదృశ్యం, వర్ణికాభంగం ఉన్నాయి. సాదృశ్యం దేనితో? కంటితోనా, స్మృతితోనా? స్మృతి రెండు పనులు చేస్తుంది: అనవసరమైనదాన్ని వదిలేస్తుంది, ఖాళీలను విన్నవాటితో పూరిస్తుంది. మొదటిది చిత్రకారుడికి ఉపకారం. రెండోది అర్ణవ వర్ణనను దొడ్డిదారిన తిరిగి తెస్తుంది.

1910లో బందరులో ఏర్పడిన ఆంధ్ర జాతీయ కళాశాల ఇక్కడ స్మరణీయం. ప్రమోదకుమార్ చటోపాధ్యాయ అక్కడ వంగ సంప్రదాయ చిత్రకళను బోధించారు. చిత్రకారుడూ నవలాకారుడూ అయిన అడివి బాపిరాజు ఆయన శిష్యులు. ఆ సంప్రదాయానికి ప్రధాన వస్తువులు పౌరాణిక, చారిత్రక మూర్తులు. కూతవేటు దూరంలో సముద్రం ఉన్న కళాశాలకు ఈ వస్తుప్రాధాన్యం రావడం ఆలోచించదగ్గ విషయం. రంగు వేసి నీటితో కడిగే వాష్ పద్ధతి అంచులను కరిగించి స్మృతికి తగిన మసకను ఇస్తుంది, నిజమే. అయితే మంగినపూడి మట్టికి కావలసినది మసక కాదు, బరువు.

గాలి గమనాన్ని బట్టి తరంగాలను, జ్వాలలను, పొగను, పతాకాలను వేయగలవాడే చిత్రవిదుడని విష్ణుధర్మోత్తర పురాణంలోని చిత్రసూత్రం అంటుంది. ఈ ప్రమాణం కేవలం నైపుణ్యానికి సంబంధించినది కాదు. గాలి ఎటు వీచిందో గుర్తున్నవాడు ఆ రోజు అక్కడ నిలబడ్డవాడే. మెట్టసీమ చిత్రకారుడి సముద్రంలో అల నీలంగా ఉందా లేదా అన్నదానికంటే, అది ఒండ్రును కలుపుకొని ఏ వైపునుంచి వస్తున్నదో చూడటం విమర్శకుడి మొదటి పని.