సందేహానికి ముందే సమాధానం చెప్పవచ్చునా?

ప్రత్యర్థి వాదం చెవిని పడకముందే శ్రోతను దానికి సిద్ధపరచవచ్చునా? ఈ విషయమై మన పెద్దలలో హిజ్రీ మూడవ శతాబ్దంలోనే అభిప్రాయభేదం ఏర్పడింది. హారిస్ ముహాసిబీ (మరణం 857) ముఅతజిలాలను ఖండిస్తూ గ్రంథం వ్రాయగా, ఇమామ్ అహ్మద్ బిన్ హంబల్ (మరణం 855) ఆక్షేపించారు. మొదట సందేహాన్ని వివరించి తరువాత సమాధానం చెబితే, సందేహం మనస్సులో నాటుకొని సమాధానం అర్థం కానివాని గతి ఏమిటన్నదే వారి ఆందోళన.

ఈ సంగతిని ఇమామ్ గజాలీ (మరణం 1111) తమ ‘అల్ మున్‌ఖిజ్ మినజ్జలాల్’లో ప్రస్తావించారు. బాతినీల వాదాన్ని వారికంటె చక్కగా వివరించి వారికే మేలు చేశారని ఆయనపై కూడా ఆరోపణ వచ్చింది. అహ్మద్ గారి మాట సత్యమే, కాని అది ఇంకా వ్యాపించని సందేహాలకు వర్తిస్తుంది. వ్యాపించిన తరువాత జవాబు చెప్పక తప్పదు, వాదాన్ని పూర్తిగా చెప్పనిదే జవాబు సాధ్యం కాదు అని ఆయన సమాధానమిచ్చారు. తమ వాదం అర్థం చేసుకోకుండానే ఖండిస్తున్నారని బాతినీలు నవ్వుకొనేవారని కూడా తెలిపారు.

1960ల ఆరంభంలో అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త విలియం మెక్‌గ్వైర్ దీనినే టీకాతో పోల్చి పరీక్షించారు. తమ నమ్మకానికి అనుకూలమైన మాటలు మాత్రమే విన్నవారికంటె, ఎదుటి వాదాన్ని కొద్దిగా, ఖండనతో సహా విన్నవారు తరువాతి దాడికి ఎక్కువగా నిలబడగలిగారు. అయితే టీకాలో ఉండేది బలహీనపరచిన క్రిమి. గజాలీ కోరినది ప్రత్యర్థి పూర్తి బలాన్ని చూపమని. మనం గమనించవలసిన భేదం ఇదే.

నేను చదివిన మదర్సాలో ప్రత్యర్థి వాదం రెండు పంక్తులు, జవాబు రెండు పుటలు. విశ్వవిద్యాలయంలో మూలగ్రంథాలు తెరచినప్పుడు ఆ రెండు పంక్తులలోని వ్యక్తి నాకెక్కడా కనిపించలేదు. అప్పుడు కదిలినది నా విశ్వాసం కాదు, నా గురువులపై నమ్మకం. అది కూడా చిన్న నష్టం కాదు.

గజాలీ సైతం ఈ నియమాన్ని అన్నిచోట్లా పాటించారా? ‘తహాఫుతుల్ ఫలాసిఫా’లోని విమర్శ ఇబ్నె సీనా చెప్పిన దానికే తగులుతుందని, అరిస్టాటిల్‌కు కాదని ఇబ్నె రుష్ద్ (మరణం 1198) పలుచోట్ల ఎత్తిచూపారు. అయినా ఆయన గజాలీ వాక్యాలను విస్తారంగా ఉదహరించి, ఆ తరువాతనే జవాబు వ్రాశారు. ఈ విషయంలో ఇద్దరూ మనకు గురువులే.

కనుక ఖండన గ్రంథాన్ని తెనిగించేవారు ఒక్క పరీక్ష పెట్టుకోవాలి: ప్రత్యర్థి చదివి, “అవును, మేము చెప్పేది ఇదే” అనగలడా? అనలేకపోతే, మన యువకులను మనమే నిరాయుధులను చేసి పంపుతున్నాము.