వాలిన ఆకు కింద వెతకండి

తొండియార్‌పేటలో మిద్దె మీద కరివేపాకు, తులసి, మల్లె పెంచని ఇల్లు అరుదు. జిల్లేడు మొలిస్తే మాత్రం పీకేస్తారు. నేను దాన్ని పెద్ద తొట్టిలో పెట్టి నీళ్లు పోసి పెంచుతున్నాను. ప్లెయిన్ టైగర్ సీతాకోకచిలుక గుడ్లు పెట్టడానికి వెతుక్కుంటూ వచ్చేది దీని కోసమే.

అమెరికాలోని మోనార్క్ సీతాకోకచిలుకకు ప్లెయిన్ టైగర్ దగ్గరి చుట్టం. గొంగళిపురుగులకూ అవే నలుపు, తెలుపు, పసుపు పట్టీలు. ఒంటి మీది నల్లటి పోగులు మాత్రం మోనార్క్‌కి రెండు జతలు, మనదానికి మూడు. మోనార్కులు చలికాలం గడిపే మెక్సికో కొండల జాడ 1975లో దొరికాక వాటి పేరు మారుమోగింది. ఈజిప్టులో సుమారు 3,350 ఏళ్ల కిందట నెబమున్ అనే ఆయన సమాధి గోడ మీద చిత్రకారుడు వేసినవి మాత్రం మన ప్లెయిన్ టైగర్లే. రెక్కల అంచున నలుపు, అందులో తెల్లచుక్కలు, ఇప్పటికీ గుర్తుపట్టవచ్చు.

గుడ్డు ఆకు అడుగున ఒంటరిగా ఉంటుంది, గుండుసూది తలంత. మూడు నాలుగు రోజులకు పిల్ల బయటికొచ్చి ముందు గుడ్డు పెంకునే తింటుంది. తర్వాత అసలు కష్టం జిల్లేడు పాలతో. బంకలా అంటుకుని చిన్న పురుగు నోరు మూసేయగలవవి. అందుకే ఎదిగిన గొంగళి ముందుగా ఈనెను కొరుకుతుంది, ఆ పైభాగానికి పాలు అందకుండా చేసి అప్పుడు ఆకు తింటుంది. కొరికిన ఆకు వాలిపోతుంది. నేను వెతికేది ఆ వాలిన ఆకునే, దాన్ని తిప్పితే చాలాసార్లు దొర కనిపిస్తాడు! పాలలోని విషాన్ని ఒంట్లో దాచుకోవడం వల్ల, ఒకసారి రుచి చూసిన పిట్ట మళ్లీ వీటి జోలికి రాదు. ఆ విషం లేని డనాయిడ్ ఎగ్‌ఫ్లై అనే మరో సీతాకోకచిలుకలో ఆడది కూడా ఇదే వేషం వేసుకుని బతుకుతుంది.

పిల్లలు డబ్బాలో పెట్టి పెంచుదామంటారు. నేను ఒప్పుకోను. గూడు కట్టే వేళకు గొంగళి మొక్క దిగి పిట్టగోడ కిందో, తొట్టి అంచునో చోటు వెతుక్కుంటుంది. పచ్చటి ఆకుల మధ్యైతే గూడు పచ్చగా, వేరే చోటైతే గులాబి రంగులోకి తిరగవచ్చు. డబ్బాలో ఆ వెతుకులాట చూడలేం. కొన్ని గూళ్ల నుంచి సీతాకోకచిలుకకు బదులు పరాన్నజీవి ఈగలు వస్తాయి. బాధేస్తుంది, అయినా జోక్యం చేసుకోను.

వినాయక చవితికి పత్రిలో జిల్లేడు ఆకు కావాలని ఇరుగుపొరుగు అడుగుతారు, రథసప్తమికైతే ఏడేసి ఆకులు. ప్రతి ఆకునూ తిప్పి చూసి, గుడ్డున్నదాన్ని వదిలి పక్కది కోసిస్తాను. పాలు కంట్లో పడితే ప్రమాదం కాబట్టి, చేతులు కడుక్కోమని పిల్లలకు మరీ మరీ చెబుతాను.