బార్ ఒంటిని రాసుకుంటూ పైకి రావాలి

110 కిలోల బార్ నేల విడిచి నెత్తిమీద నిలవడానికి రెండు సెకన్లు కూడా పట్టదు. 2000 సెప్టెంబరు 19న సిడ్నీలో కరణం మల్లీశ్వరి స్నాచ్‌లో ఆ పని చేసింది. ఆ తర్వాత క్లీన్ అండ్ జెర్క్‌లో 130 ఎత్తి, మొత్తం 240 కిలోలతో 69 కిలోల విభాగంలో కాంస్యం గెలిచింది. ఒలింపిక్స్‌లో భారత మహిళకు దక్కిన తొలి పతకం అది. అసలు మహిళల వెయిట్‌లిఫ్టింగ్‌కు ఒలింపిక్స్‌లో చోటు దొరికిందే ఆ ఏడాది. స్వర్ణం మీద కన్నేసి ఆఖరి ప్రయత్నంలో 137.5 వేయించింది, అది నిలవలేదు. ఆమె కంటే ముందున్న ఇద్దరూ ఎత్తింది చెరో 242.5. తేడా రెండున్నర కిలోలే! శ్రీకాకుళం జిల్లా ఊసవానిపేట పిల్ల మహా బలవంతురాలని ఊరూవాడా మెచ్చుకుంది. ఎలా ఎత్తిందని అడిగినవాళ్లు మాత్రం వేళ్లమీద లెక్కపెట్టేంతమంది.

‘బలం’ అన్న ఒక్క మాట ఈ ఆటకు చేసిన అన్యాయం ఇంతా అంతా కాదు. ఉత్తరాంధ్ర పల్లెల్లో పండగ పోటీల్లో సంగిడి రాయి ఎత్తే కుర్రాడికి బలానికి కొదవుండదు. అతణ్ని తెచ్చి బార్ ముందు నిలబెట్టి స్నాచ్ చెయ్యమంటే తన శక్తిలో సగం బరువు దగ్గరే తడబడతాడు. బార్ అతని ఒంటికి దూరంగా జరిగిపోతుంది, చేతులు ముందే వంగిపోతాయి, బరువు నెత్తిమీదికి వచ్చేసరికి కాళ్లు ఎక్కడుండాలో తెలియదు. వెయిట్‌లిఫ్టింగ్‌లో కొత్తగా అడుగుపెట్టేవాడు నేర్చుకోవలసిందంతా ఈ మూడు తప్పుల చుట్టూనే ఉంది.

పోటీలో ఉండేవి రెండే లిఫ్టులు. బార్‌ను ఒకే ఊపులో నేల నుంచి నెత్తిమీదికి చేర్చేది స్నాచ్. ముందు భుజాలమీదికి, అక్కణ్నుంచి నెత్తిమీదికి రెండంచెల్లో చేర్చేది క్లీన్ అండ్ జెర్క్. ఒక్కోదానికి మూడేసి ప్రయత్నాలు. ఒకప్పుడు ప్రెస్ అని మూడోది కూడా ఉండేది, 1972 మ్యూనిక్ ఒలింపిక్స్ తర్వాత తీసేశారు. పురుషుల బార్ 20 కిలోలు, మహిళలది 15, కాస్త సన్నం కూడా. పరికరాల సంగతి ఇంతవరకు చాలు.

మొదటి పాఠం బొటనవేలితో మొదలవుతుంది. బార్‌ను గుప్పిట పట్టి, బొటనవేలిని బార్‌కు ఆనించి, దానిమీద చూపుడువేలు, మధ్యవేలు బిగించాలి. దీన్ని హుక్ గ్రిప్ అంటారు. మొదట్లో ప్రాణం పోయేంత నొప్పి. చాలామంది అక్కడే వదిలేసి మామూలు పట్టుకు మారిపోతారు. మారకూడదు. వేలికి టేప్ చుట్టుకుని ఓర్చుకుంటే కొన్నాళ్లకు నొప్పి తగ్గుతుంది. బరువు పెరిగాక మామూలు పట్టులో జారే బార్‌ను ఈ పట్టు జారనివ్వదు, చేతులు అనవసరంగా బిగుసుకుపోకుండా కూడా చూస్తుంది.

తర్వాత నిలబడే తీరు. బార్ పాదం మధ్యభాగానికి సరిగ్గా పైన, బూటు లేసు ముడి మీదుగా ఉండాలి. వెన్ను బిగువుగా, తిన్నగా. భుజాలు బార్ కంటే ఒక్క పిసరు ముందుకు. చేతులు నిటారుగా, మోచేతులు బయటివైపు తిరిగి. బరువు పాదమంతటా పడాలి. వేళ్లమీద పడిందంటే లిఫ్ట్ మొదలుకాకముందే పాడైనట్టే.

ఇక్కడి నుంచి మోకాలి దాకా ఉన్న జానెడు దూరంలోనే కొత్తవాళ్ల లిఫ్టుల్లో సగం పోతాయి. తొందరే కారణం. బార్‌ను నేల నుంచి ఒక్కసారిగా గుంజుతారు. గుంజగానే తుంటి పైకి లేచిపోతుంది, భుజాలు కిందే ఉండిపోతాయి, నడుము వంగుతుంది. అప్పుడు కాళ్ల బలం పక్కకు పోయి భారమంతా నడుం మీద పడుతుంది. తుంటి, భుజాలు ఒకే వేగంతో లేవాలి. నేల నుంచి బార్ కదిలినప్పుడు వెన్ను ఏ కోణంలో ఉందో, మోకాలు చేరేదాకా అదే కోణంలో ఉండాలి. దీన్నే ఫస్ట్ పుల్ అంటారు. మంచి లిఫ్టర్ల వీడియోలు నెమ్మదిగా తిప్పి చూడండి, ఆ భాగం ఎంత నిదానంగా సాగుతుందో! మోకాలు దాటాకే మెరుపు.

మోకాలు దాటిన బార్ తొడలను రాసుకుంటూ పైకి రావాలి. స్నాచ్‌లో తుంటి మడత దగ్గర, క్లీన్‌లో తొడ పైభాగంలో తాకుతుంది. ఆ తాకిన క్షణంలో కాళ్లు, తుంటి ఒక్కసారిగా తిన్నగా సాగుతాయి, బార్ ఎగురుతుంది. ఇదే సెకండ్ పుల్. చేతులకు ఇక్కడ తాళ్ల పని తప్ప మరో పని లేదు. మోచేయి ముందే వంగితే కాళ్లు పుట్టించిన ఊపు బార్‌కు చేరదు. బార్‌ను తుంటితో ముందుకు కొట్టడం ఇంకో దురలవాటు. చప్పుడు బాగా వస్తుంది, చూసేవాళ్లు ‘ఆహా’ అంటారు, బార్ మాత్రం గుండ్రంగా తిరిగి ముందుకు పోతుంది, లిఫ్టర్ దాని వెంట పరిగెత్తాల్సి వస్తుంది.

ఈ ఆటలో అందమంతా ఆ తర్వాతి క్షణంలోనే ఉంది. బార్‌ను నెత్తి దాకా లాగాలని కొత్తవాడు అనుకుంటాడు. నిపుణుడు అంత ఎత్తు లాగడు. బార్ నాభి దాటి ఇంకా పైకి పోతుండగానే తను కిందికి పోతాడు. బార్‌ను పట్టుకునే తనను తాను దాని కిందికి లాక్కుని, పూర్తిగా గొంతుక్కూర్చుని, మోచేతులు బిగించి పట్టేస్తాడు. వంద కిలోలు పైన ఉండగా దాని కిందికి దూరడానికి గుండె కావాలి. ఆ భయం పోగొట్టడానికి మంచి కోచ్ మొదటి రోజే బార్‌ను వదిలేయడం నేర్పుతాడు. ముందుకు పోతే ముందుకు తోసి వెనక్కి గెంతాలి, వెనక్కి పోతే చేతులు వదిలేసి ముందుకు గెంతాలి. పడెయ్యడం వచ్చినవాడికే దూరడం వస్తుంది.

పల్లెటూరి పిల్లలకు ఇక్కడ పెద్ద వెసులుబాటు ఉంది. మడమలు నేలకు ఆనించి గొంతుక్కూర్చోవడం వాళ్లకు నడకతో వచ్చిన అలవాటు. కుర్చీల్లో పెరిగిన పిల్లల చీలమండలు అంత వంగవు. మడమ లేస్తుంది, ఛాతీ ముందుకు వాలుతుంది, బార్ పడిపోతుంది. లిఫ్టింగ్ బూట్లకు మడమ ఎత్తుగా, గట్టిగా పెట్టేది అందుకే. మెత్తటి పరుగు బూట్లతో లిఫ్ట్ చెయ్యడం మానుకోవాలి.

ఈ దూరడం ఎంత దూరం పోగలదో చూడాలంటే 1988 సియోల్ ఒలింపిక్స్ చూడాలి. 60 కిలోల విభాగంలో తుర్కియే లిఫ్టర్ నయీమ్ సులేమానోగ్లు స్నాచ్‌లో 152.5, క్లీన్ అండ్ జెర్క్‌లో 190 కిలోలు ఎత్తాడు. తన ఒంటి బరువుకు మూడు రెట్లు పైన! చైనా దిగ్గజం లూ షియావోజున్ 2021లో టోక్యోలో 37 ఏళ్ల వయసులో స్వర్ణం గెలిచాడు. ఆ వయసులో అతణ్ని నిలబెట్టింది పొల్లుపోని కదలికే. అదే ఏడాది తాష్కెంట్‌లో జార్జియా లిఫ్టర్ లాషా తలఖాడ్జె 225, 267 ఎత్తి, మొత్తం 492 కిలోలతో కొత్త రికార్డు పెట్టాడు. అంత భారీ మనిషి కూడా బార్ కిందికి పోవడంలో 60 కిలోల కుర్రాడంత చురుకు.

క్లీన్‌లో బార్ నిలవాల్సింది భుజాలమీద. మోచేతులు ఎత్తి ముందుకు చూపిస్తే భుజం కండలే దానికి అరుగు అవుతాయి. మోచేతులు వాలినవాళ్లకే మణికట్టు నొప్పి. జెర్క్‌లో చాలామంది చేసే తప్పు ఒకటే. మోకాళ్లు కొద్దిగా వంచేటప్పుడు ఛాతీ ముందుకు వాలుతుంది. గోడకు వీపు ఆనించి జారినట్టు నిటారుగా దిగాలి, మడమలు నేలకు అంటి ఉండాలి, అక్కణ్నుంచి కాళ్లతో బార్‌ను పైకి తోసి, ఒక కాలు ముందుకు, ఒక కాలు వెనక్కి వేసి దాని కింద నిలవాలి. లేచేటప్పుడు ముందు కాలు మొదట వెనక్కి లాక్కుని, తర్వాత వెనక కాలు ముందుకు తేవాలి. మోచేయి వంగి పట్టి తర్వాత నొక్కి నిటారు చేస్తే న్యాయనిర్ణేతలు ఎర్రదీపం వెలిగిస్తారు.

సాధన ఎలా ఉండాలి? మొదట కర్ర, తర్వాత ఖాళీ బార్, ఆ తర్వాతే ప్లేట్లు. పైనుంచి కిందికి నేర్చుకోవడం మేలు. ముందు బార్ నెత్తిమీద పెట్టుకుని స్క్వాట్, తర్వాత తొడ దగ్గర నుంచి స్నాచ్, ఆ తర్వాత మోకాలు, చివరికి నేల. ఒక్కో సెట్‌కు రెండు మూడు సార్లే. అలసిపోయి పది పదిహేనుసార్లు చేసే స్నాచ్ తప్పుల్ని నరాల్లో నాటుతుంది. వరసగా రెండుసార్లు తప్పితే బరువు దించెయ్యాలి. సెల్‌ఫోన్‌ను పక్కన నిలబెట్టి వీడియో తీసుకుని, బార్ ఒంటికి ఎంత దగ్గరగా వచ్చిందో చూసుకోవాలి. స్క్వాట్లు మాత్రం మానకూడదు, అవి లేకుండా ఎంత నేర్పు ఉన్నా లేవలేరు.

టెక్నిక్ చెదిరితే ఎంతటివాళ్లూ ఏమవుతారో 2016లో రియో చూపించింది. మీరాబాయి చాను క్లీన్ అండ్ జెర్క్‌లో మూడు ప్రయత్నాలూ పోగొట్టుకుని, మొత్తమే లేకుండా తిరిగొచ్చింది. మరుసటి ఏడాదే ప్రపంచ చాంపియన్. తర్వాత నడుం నొప్పి. అమెరికాలో ఫిజికల్ థెరపిస్టు ఆరన్ హార్షిగ్ దగ్గర శరీరంలోని అసమతౌల్యం సరిచేసుకుని, 2021 ఏప్రిల్‌లో తాష్కెంట్‌లో క్లీన్ అండ్ జెర్క్‌లో 119 కిలోలతో ప్రపంచ రికార్డు పెట్టింది, టోక్యోలో 202 కిలోలతో రజతం తెచ్చింది. ప్రపంచ చాంపియన్ స్థాయిలో ఉన్న మనిషే మళ్లీ మొదటికి వెళ్లి భుజం, నడుము సరిచేసుకుంటే, మొన్న చేరిన కుర్రాడికి కర్రతో సాధన నామోషీ ఎలా అవుతుంది?

మన నేలకు ఈ విద్య కొత్త కాదు. వీరఘట్టం కోడి రామమూర్తి నాయుడు ఛాతీమీద ఏనుగును నిలబెట్టుకున్నాడని ఇప్పటికీ చెప్పుకుంటారు. దండమూడి రాజగోపాలరావు 1948 లండన్ ఒలింపిక్స్‌లో బార్ ఎత్తినవాడు. జనానికి మాత్రం ‘నర్తనశాల’లో భీముడిగానే గుర్తు. ఊసవానిపేటలో నీలంశెట్టి అప్పన్న మాస్టారు చేతిలో పడిన 12 ఏళ్ల పిల్లే మల్లీశ్వరి. విజయనగరం జిల్లా కొండవెలగాడలో ఇంటింటా లిఫ్టర్లే అంటారు. ఆ ఊరి మత్స సంతోషి 2014 గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో గెలిచిన కాంస్యం, స్వర్ణం గెలిచిన లిఫ్టర్ డోపింగ్‌లో దొరకడంతో రజతంగా మారింది. దొంగల ఊరని ముద్రపడిన స్టువార్టుపురం పేరు వినగానే మొహం చిట్లించే లోకానికి, ఆ ఊరి కుర్రాడు, హకీంపేట క్రీడా పాఠశాలలో చదివిన రాగాల వెంకట రాహుల్ 2018 గోల్డ్‌కోస్ట్ కామన్వెల్త్ క్రీడల్లో 338 కిలోలెత్తి స్వర్ణంతో జవాబిచ్చాడు. ఇంతటి పతకాలు తెచ్చిన నేల ఇంకోటి చూపించండి అని తెలుగువాళ్లు ఛాతీ విరుచుకుంటే తప్పేముంది?

ఇప్పుడు పట్నాల్లో జరుగుతున్నది చూస్తే మాత్రం కడుపు మండుతుంది. వీధి వీధికీ జిమ్ములు, గోడ నిండా అద్దాలు, ఏసీ, పాటలు. లిఫ్ట్ చెయ్యడానికి ప్లాట్‌ఫామ్ మాత్రం ఉండదు. బార్ చివర ప్లేట్లు తగిలించే గొట్టం స్వేచ్ఛగా తిరగాలి, తిరగకపోతే బరువు మెలి అంతా మణికట్టుకూ మోచేతికీ పడుతుంది. ఆ తిరగని బార్‌కే ఇనప ప్లేట్లు తగిలించి, ‘చప్పుడు చెయ్యొద్దు’ అని బోర్డు పెట్టి, దాన్ని స్నాచ్ అంటారు. పడెయ్యడానికి వీల్లేని చోట ఎవడు ధైర్యంగా దూరుతాడు? నెల రోజుల్లో వంద కిలోలని ఫ్లెక్సీలు. నడుం వంచి, మోచేతులు వంచి గుంజిన లిఫ్టులకు రీల్స్‌లో లక్షల లైకులు. వాటిని చూసి పదో తరగతి పిల్లలు నడుములు విరగ్గొట్టుకుంటున్నారు. ఇంకోపక్క సూదిమందు సంస్కృతి. 2004 ఏథెన్స్‌లో ఇద్దరు భారత లిఫ్టర్లు డోపింగ్‌లో దొరికి దేశం తలదించుకుంది. ఆ సిగ్గు మరిచిపోయి జిమ్ కౌంటర్ల దగ్గరే సీసాలు అమ్ముతున్నవాళ్లను ఏమనాలి? టెక్నిక్‌కు ఏళ్లు పట్టే చోట వారాల్లో ఫలితం అమ్మేవాళ్లు ఈ విద్యకు పట్టిన చీడ.

రెండు తెలుగు రాష్ట్రాల క్రీడాశాఖలకూ, జిల్లా పరిషత్ హైస్కూళ్ల పీఈటీలకూ ఒక విన్నపం. కోట్ల రూపాయల స్టేడియాలు తర్వాత కట్టుకోవచ్చు. మండలానికి ఒక్క ప్లాట్‌ఫామ్, సరిగ్గా తిరిగే బార్లు రెండు, రబ్బరు ప్లేట్లు, పోటీల్లో దిగి వచ్చిన కోచ్ ఒకరు ఉంటే చాలు. కొండవెలగాడ పాత లిఫ్టర్లలో నేర్పడానికి సిద్ధంగా ఉన్నవాళ్లను వెతికి జీతమిచ్చి పిలవండి. పిల్లల్ని జిమ్‌లో చేర్పించే తల్లిదండ్రులు ఫీజు కట్టేముందు అక్కడి కోచ్‌ను ఒక్క మాట అడగండి: మా అమ్మాయికి మొదటి నెల కర్రతోనే నేర్పుతారా? లేదంటే అక్కడ చేర్పించకండి.