నీళ్లలో ఫ్లోరైడ్, బ్యాక్టీరియాలో జన్యువు

బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఉందో లేదో మనిషి నాలుకకు తెలియదు. దానికి రంగు లేదు, వాసన లేదు. మట్టిలో, నీటిలో బతికే బ్యాక్టీరియాల్లో చాలావాటికి మాత్రం తెలుస్తుంది. తెలియగానే అవి ఒక జన్యువును పనిలోకి దింపుతాయి. బ్యాక్టీరియాలో జన్యువులు ఎలా మేల్కొంటాయో, ఎలా అణగి ఉంటాయో చెప్పడానికి నల్లగొండ జిల్లాలో ఇంతకన్నా దగ్గరి ఉదాహరణ దొరకదు.

చిట్యాల నుంచి మునుగోడు, మర్రిగూడ దాకా నేల అడుగున ఉన్నది గ్రానైటు, దాని జాతి రాళ్లు. ఆ రాతిలోని ఫ్లోరైట్, అపటైట్, బయోటైట్ ఖనిజాల నుంచి ఫ్లోరైడ్ నీటిలోకి దిగుతుంది. పగుళ్లలో నీరు ఎంతకాలం నిలిస్తే అంత ఎక్కువ దిగుతుంది. నీటిలో కాల్షియం తగ్గి బైకార్బనేటు పెరిగితే మరింత. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన హద్దు. ఆ హద్దు దాటిన నీళ్లు ఏళ్ల తరబడి తాగిన ఊళ్లలో పిల్లల పళ్లు గారపట్టాయి, పెద్దల కాళ్లు వంకరపోయాయి, నడుములు వంగిపోయాయి. ఈ జిల్లా ఫ్లోరోసిస్ గురించి ఎ.హెచ్. సిద్దిఖీ 1955లోనే బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో రాశారు. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపి ఫ్లోరైడ్‌ను తేర్చే పద్ధతికి జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ (నీరి) శాస్త్రవేత్తలు పెట్టిన పేరు కూడా ‘నల్లగొండ టెక్నిక్’.

మనిషికి ఎముకలో జరిగే నష్టం బ్యాక్టీరియాకు ఎంజైముల్లో జరుగుతుంది. పరిసరాలు ఆమ్లంగా ఉన్నప్పుడు ఫ్లోరైడ్ హైడ్రోజన్‌తో కలిసి, విద్యుదావేశం లేని రూపంలో కణపు పొరను దాటేస్తుంది. లోపల ఆమ్లత తక్కువ. అక్కడ మళ్లీ విడిపోయి, ఆవేశం ఉన్న ఫ్లోరైడ్‌గా మారి, బయటికి పోలేక చిక్కుకుంటుంది. చక్కెర నుంచి శక్తిని తీసే ఎనొలేజ్, ఇంకా పైరోఫాస్ఫటేజ్ వంటి ఎంజైములను అది అడ్డుకుంటుంది. కాబట్టి దాన్ని తోసేసే దారి కణానికి కావాలి. ఆ దారిని కట్టే జన్యువుల్లో ముఖ్యమైనది సీఆర్‌సీబీ.

ఈ జన్యువు ముందుగా కంటబడింది ఫ్లోరైడ్ పరిశోధనలో కాదు, క్రోమోజోమ్ పరిశోధనలో. 1996లో అమెరికాలో నాన్సీ ట్రన్ బృందం ఇ. కోలై బ్యాక్టీరియాతో కొన్ని జన్యువుల సరుకును అతిగా తయారు చేయించింది. కర్పూరం తగిలినా ఆ కణాలు తట్టుకున్నాయి, వాటి క్రోమోజోమ్ దగ్గరగా ముడుచుకుంది. అలా ముడుచుకునేలా చేసిన మూడు జన్యువుల్లో సీఆర్‌సీబీ ఒకటి.

ముడుచుకోవడం బ్యాక్టీరియాకు చిన్న విషయం కాదు. ఇ. కోలై క్రోమోజోమ్ 46 లక్షల జతల అక్షరాలున్న ఒకే వలయం. సాగదీస్తే సుమారు ఒకటిన్నర మిల్లీమీటర్లు. అది ఇమడాల్సిన కణం పొడవు మిల్లీమీటరులో దాదాపు ఐదువందలో వంతు. మన కణాల్లోలాగా కేంద్రకం గోడ లేదు, డీఎన్‌ఏ చుట్టుకునే హిస్టోన్ల ఉండలూ లేవు. ఉన్నది మెలిక. చేంతాడును రెండు చేతులా పట్టుకుని ఒకవైపే తిప్పుతూ పోతే అది తన మీద తానే చుట్లు పడుతుంది. డీఎన్‌ఏ కూడా అంతే. ఆ మెలికను ఎక్కించే గైరేజ్ ఎంజైమును 1976లో మార్టిన్ గెల్లర్ట్ బృందం కనుగొంది. హెచ్‌యూ, ఫిస్, హెచ్‌-ఎన్‌ఎస్ అనే ప్రోటీన్లు డీఎన్‌ఏను వంచి, కలిపి, అదిమి పెడతాయి. జన్యువును చదవాలంటే దాని మొదట్లో రెండు పోగులు విడిపోవాలి. మెలిక ఎంత ఉందన్నదాన్ని బట్టి ఆ విడిపోవడం సులువో కష్టమో అవుతుంది. అందుకే బ్యాక్టీరియాలో క్రోమోజోమ్ ఆకారాన్నీ జన్యువుల పనినీ విడివిడిగా చదివితే సగమే అర్థమవుతుంది.

దీనికి మంచి రుజువుల్లో ఒకటి హైదరాబాద్‌ పనితో ముడిపడి ఉంది. ఉప్పదనం పెరిగితే ఇ. కోలైలో ఏ జన్యువులు మేల్కొంటాయో అక్కడి కణ, అణు జీవశాస్త్ర పరిశోధన కేంద్రం సీసీఎంబీలో జె. గౌరీశంకర్ వెతికారు, 1985లో ఫలితాలు అచ్చయ్యాయి. వాటిలో ప్రో-యూ అనే జన్యువుల వరుస ఒకటి. ఉప్పు పెరిగితే దాని పని వంద రెట్లకు పైగా పెరుగుతుంది. ప్రోలీన్, గ్లైసీన్ బీటైన్ అనే పదార్థాలను అది లోపలికి తెచ్చిపెడుతుంది, కణంలో నీరు నిలుస్తుంది. మామూలు రోజుల్లో ప్రో-యూను అణచి ఉంచేది హెచ్‌-ఎన్‌ఎస్ ప్రోటీనే. ఉప్పు పెరిగినప్పుడు డీఎన్‌ఏ మెలిక మారుతుందని, ఆ మార్పుకూ ప్రో-యూ పనికీ సంబంధం ఉందని 1988లో క్రిస్టఫర్ హిగ్గిన్స్ బృందం చూపింది. నీటి సంగతి క్రోమోజోమ్ ఆకారం దాకా పోతుందన్నమాట.

ఫ్లోరైడ్ విషయంలో చాలా బ్యాక్టీరియాలు వేరే పద్ధతి పాటిస్తాయి. 2012లో యేల్ విశ్వవిద్యాలయంలో రొనాల్డ్ బ్రేకర్ బృందం దాన్ని బయటపెట్టింది. డీఎన్‌ఏ నుంచి నకలుగా వచ్చే ఆర్‌ఎన్‌ఏ పోగు మొదటి ముక్కే ఫ్లోరైడ్‌ను పట్టుకుంటుంది. మధ్యలో ప్రోటీన్ అవసరమే లేదు. ఇక్కడ చిక్కు ఉంది: ఆర్‌ఎన్‌ఏది రుణావేశం, ఫ్లోరైడ్‌దీ రుణావేశమే, రెండూ ఒకదాన్నొకటి తోసుకోవాలి. అదే ఏడాది దిన్షా పటేల్ బృందం ఆ ఆర్‌ఎన్‌ఏ ఆకారాన్ని చూపించడంతో చిక్కు వీడింది. మూడు మెగ్నీషియం అయాన్లు ఫ్లోరైడ్‌ను చుట్టుముట్టి కూర్చుంటాయి, ఆర్‌ఎన్‌ఏ ఆ మెగ్నీషియాన్ని పట్టుకుంటుంది.

ఫ్లోరైడ్ లేనప్పుడు అదే ఆర్‌ఎన్‌ఏ మరో ఆకారంలోకి మడతపడుతుంది. దాంతో నకలు తీసే యంత్రం అక్కడే జారిపోతుంది, జన్యువు చదవడం ఆగిపోతుంది. ఫ్లోరైడ్ కూర్చుంటే ఆ మడత పడదు, యంత్రం ముందుకు సాగుతుంది. ఇ. కోలైలో నకలు సెకనుకు నలభై యాభై అక్షరాల చొప్పున నడుస్తుంది. అంటే నిర్ణయానికి దొరికే వ్యవధి కొన్ని సెకన్లే. సీఆర్‌సీబీ అసలు పని ఫ్లోరైడ్‌ను బయటికి పంపడమేనని కూడా అప్పుడే తేలింది. క్రోమోజోమ్ ముడుచుకోవడం ఆ జన్యువు చేత అతిగా పని చేయించినప్పుడు కనిపించిన లక్షణం.

ఈ జ్ఞానం గాజు పలకల మీదే ఆగలేదు. అమెరికాలోని నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయంలో జూలియస్ లక్స్ బృందం బాసిల్లస్ సీరియస్ బ్యాక్టీరియాలోని ఇదే ఆర్‌ఎన్‌ఏ మీటను తీసుకుని, బతికున్న కణం అవసరం లేకుండా, ఎండబెట్టిన పరీక్షగా మార్చింది. అందులో నీటిచుక్క వేస్తే, ఫ్లోరైడ్ ఉన్నప్పుడు పసుపు రంగు వస్తుంది. 2020లో ప్రచురించిన ఈ పరీక్షను కోస్టారికాలో అక్కడి నీటితో సరిచూశారు.

అయితే ఆ పరీక్ష లీటరుకు 2 మిల్లీగ్రాముల దగ్గర తేడా పట్టేలా తయారైంది. మన దేశంలో తాగునీటికి కోరదగిన హద్దు 1, వేరే నీరు లేనప్పుడు 1.5. అంటే లీటరుకు 1.7 మిల్లీగ్రాములున్న బోరు దాని లెక్కలో మంచిదే అయిపోవచ్చు. నల్లగొండలో తాగునీటి పథకం మిషన్ భగీరథ నల్లాల్లో ఇప్పుడు కృష్ణా నీళ్లు వస్తున్నాయి. అయినా నల్లా రాని రోజున, పొలం పనిలో దాహమైనప్పుడు తాగేది బోరు నీళ్లే. బ్యాక్టీరియా జన్యువుల మీద దశాబ్దాల అనుభవం ఉన్న సీసీఎంబీ, సీడీఎఫ్‌డీ పరిశోధన సంస్థలు హైదరాబాద్‌లోనే ఉన్నాయి. చిట్యాల మీదుగా పోయే హైవే ఆ నగరానికే పోతుంది. ఈ ఆర్‌ఎన్‌ఏ మీటను 1 మిల్లీగ్రాము దగ్గరే స్పందించేలా సవరించి, నల్లగొండ పల్లెల్లో ప్రతి బోరు దగ్గరా వాడుకునేంత చవకగా అందించే పని ఆ సంస్థలు చేపట్టాలి.