మోకాలి లీవర్ టక్కుమంటే

పెడల్ స్టీల్ గిటార్ వినేవాళ్లకు తీగలే కనిపిస్తాయి. వాయించేవాళ్లకు మాత్రం సగం వాద్యం ఆ తీగలున్న బల్ల కిందే ఉంటుంది. అమెరికన్ కంట్రీ సంగీతంలో ఏడుపూ నిట్టూర్పూ కలిసినట్టు సాగే ఆ స్వరం కోసం పైన పది తీగలు, ఎడమచేతిలో ఉక్కుకడ్డీ, కుడిచేతి వేళ్లకు పిక్‌లు ఉంటాయి. కింద ఎడమపాదం నొక్కే మూడు పెడళ్లు, మోకాళ్లతో అటూ ఇటూ నెట్టే నాలుగైదు లీవర్లు, వాటిని తీగల చివర్లకు కలిపే సన్నని రాడ్లు, స్ప్రింగులు, ఇరుసులు ఉంటాయి. ఇన్ని కదిలే భాగాలున్న చోట చప్పుడు పుట్టడం వింతేమీ కాదు. మోకాలు వదిలినప్పుడల్లా టక్కుమనే లీవర్ ఈ వాద్యం పట్టినవాళ్లకు ఎప్పుడో ఒకప్పుడు ఎదురయ్యేదే. దానికి చాలామందికి మొదట తోచే మందు ఒకటే: ఎక్కడ తగులుతోందో అక్కడ ఓ రబ్బరు ముక్కో ఫెల్ట్ ముక్కో అతికించడం. అది ఒక్కోసారి పనిచేస్తుంది, ఒక్కోసారి ఉన్న శ్రుతినీ చెడగొడుతుంది. లీవర్ చప్పుడు చాలావరకు శ్రుతికి సంబంధించిన సమాచారం. దాన్ని చదవకుండా నొక్కేస్తే చప్పుడు పోయి అపశ్రుతి మిగులుతుందన్నది నా వాదన.

ఈ మాటకు ఆధారం వాద్యం నడిచివచ్చిన దారిలోనే ఉంది. గిటార్‌ను ఒళ్లో పడుకోబెట్టి తీగల మీద ఉక్కుముక్క జరుపుతూ వాయించే పద్ధతి పందొమ్మిదో శతాబ్దం చివర్లో హవాయి దీవుల్లో పుట్టింది. దాన్ని కనిపెట్టినవాడిగా జోసెఫ్ కెకుకు పేరే ఎక్కువగా చెబుతారు. ఆ హవాయియన్ గిటార్ మన దేశానికీ వచ్చింది, విశ్వమోహన్ భట్ చేతిలో మోహన వీణ అయింది. దక్షిణాదిలో ఆ తరహాకు గోటువాద్యం ఉండనే ఉంది. అయితే కడ్డీ జరిగితే దాని కింద ఉన్న తీగలన్నీ ఒకేసారి ఎక్కుతాయి, ఒకేసారి దిగుతాయి. రాగం పాడుకునే మనకు అది పెద్ద లోటు కాదు. నాలుగైదు స్వరాలు కలిపి కార్డ్‌లుగా మోగించాలనుకున్న అమెరికన్లకు అదే అడ్డొచ్చింది. 1940 ప్రాంతంలో గిబ్సన్ కంపెనీ ఎలక్ట్రాహార్ప్ పేరుతో పెడళ్లున్న స్టీల్ తెచ్చింది. తొలినాళ్లలో పెడళ్లను వాడింది ముఖ్యంగా ఒక కార్డ్ నుంచి ఇంకో కార్డ్‌కు వెళ్లే లోపు తీగల శ్రుతి మార్చుకోవడానికే. 1954లో కంట్రీ గాయకుడు వెబ్ పియర్స్ పాట ‘స్లోలీ’ వచ్చింది. అందులో స్టీల్ వాయించిన బడ్ ఐజక్స్ తీగ మోగుతుండగానే పెడల్ నొక్కాడు. మిగతా తీగలు ఉన్నచోటే ఉండగా ఒకటీ రెండూ మాత్రం వింటుండగానే సాగి కొత్త కార్డ్‌లో కలిసిపోయాయి. ఆ తర్వాత అందరికీ అదే కావాల్సివచ్చింది. మోకాలి లీవర్లు కూడా ఆ కోరిక పొడిగింపే. రెండు కార్డ్‌ల మధ్య ఖాళీలో కదిలే యంత్రం ఎంత చప్పుడు చేసినా దాచుకోవచ్చు. మోగుతున్న స్వరం మధ్యలో కదిలే యంత్రానికి దాక్కునే చోటు లేదు.

ఇప్పుడు ఒక్క లీవర్‌ను తీసుకుందాం. కంట్రీ సంగీతానికి కేంద్రమైన నాష్‌విల్‌లో స్థిరపడిన ‘ఇ-9’ శ్రుతిలో నాలుగో తీగ, ఎనిమిదో తీగ రెండూ ‘ఇ’ స్వరాలు. వాటిని ఒక స్వరస్థానం కిందికి, అంటే ‘డి షార్ప్’కు దించే లీవర్ దాదాపు ప్రతి వాద్యానికీ ఉంటుంది. మోకాలు నెట్టగానే లీవర్ అడ్డంగా ఉన్న షాఫ్ట్‌ను తిప్పుతుంది. షాఫ్ట్ మీది బెల్‌క్రాంక్ అనే చిన్న చేయి రాడ్‌ను లాగుతుంది. రాడ్ చివర నైలాన్ నట్టు తీగల చివర ఉండే చేంజర్‌లోని భాగాన్ని కదుపుతుంది. తీగ కాస్త వదులవుతుంది. నాలుగో తీగ సెకనుకు సుమారు 330 కంపనాల నుంచి 311కి దిగాలి. బిగువు కంపనాల వర్గాన్ని బట్టి మారుతుంది కాబట్టి అది దాదాపు 11 శాతం తగ్గాలన్నమాట. రాడ్ కదిలేది మాత్రం కొద్ది మిల్లీమీటర్లే. వీణలో తీగను పక్కకు లాగి గమకం పలికించేటప్పుడు ఎక్కడ ఆగాలో చెవి చెబుతుంది, వేలు సర్దుకుంటుంది. ఇక్కడ లీవర్‌ను చివరిదాకా నెట్టినప్పుడు ఆగే చోటును నిర్ణయించేది దానికి అడ్డుగా బిగించిన స్టాప్ స్క్రూ. లోహం లోహానికి తగిలే ఆ బిందువే ‘డి షార్ప్’.

కాబట్టి లీవర్‌కు రెండు చివర్లున్నాయని, రెండు చోట్లా వచ్చే టక్కు ఒకటి కాదని గుర్తించాలి. మోకాలు నెట్టిన చివర వచ్చే చప్పుడు శ్రుతిని పట్టి ఉంచే గోడకు తగిలిన చప్పుడు. అక్కడ మెత్తని రబ్బరు పెడితే గోడ మెత్తబడుతుంది. మోకాలు ఎంత గట్టిగా ఒత్తితే రబ్బరు అంత నలుగుతుంది, స్వరం అంత కిందికి జారుతుంది. నెమ్మది పాటలో ఒకలా, హుషారు పాటలో ఇంకోలా పలుకుతుంది. కొన్నాళ్లకు రబ్బరు అణిగిపోతే తప్పు శాశ్వతమవుతుంది. ఆ చివర నిజంగా చప్పుడు ఎక్కువైతే ముందు చూడాల్సింది స్టాప్ స్క్రూ వదులైందా, లీవర్‌ను పట్టుకునే బ్రాకెట్ మరలు చెక్కలో అరిగి ఊగుతున్నాయా అన్నది. బ్రాకెట్ ఊగుతోందంటే శ్రుతి కూడా ఊగుతోందనే అర్థం. ఇక రెండో చివర, మోకాలు వదిలినప్పుడు లీవర్ వెనక్కి వచ్చి ఆగే చోటు. స్ప్రింగ్ బలంతో విసురుగా వచ్చి తగులుతుంది కనుక మోత అక్కడే ఎక్కువ. తీగ తన అసలు శ్రుతికి చేరాక ఆగేది చేంజర్ దగ్గర, లీవర్ దగ్గర కాదు. అందుకే ఇక్కడ పలుచని ఫెల్టో తోలుముక్కో పెట్టినా స్వరానికి హాని లేదు. దానికీ ఒక హద్దుంది. నైలాన్ నట్టుకూ అది కదిపే భాగానికీ మధ్య వెంట్రుకవాసి సందు ఉండాలి. ముక్క మందమైతే లీవర్ పూర్తిగా వెనక్కి రాదు, ఆ సందు మాయమవుతుంది, రాడ్ ఎప్పుడూ కాస్త లాగుతూనే ఉంటుంది, వదిలిన ‘ఇ’ తన స్థానానికి చేరక కిందే వేలాడుతుంది. సందు మరీ ఎక్కువైనా కష్టమే. అప్పుడు లీవర్ కదలడం మొదలుపెట్టగానే నట్టు పోయి తగిలే చిన్న చప్పుడు విడిగా వినిపిస్తుంది, మోకాలికి ఒక ఖాళీ అడుగు తగిలినట్టుంటుంది.

టక్కు కాని చప్పుళ్లకు కారణాలు వేరు. కిర్రుమంటే ఇరుసు ఎండిపోయింది. కుట్టు మెషీన్‌కు వేసే పలుచని నూనె ఒక్క చుక్క చాలు. గ్రీజు పూస్తే దుమ్ము పట్టి గట్టిపడుతుంది. కొన్ని స్వరాల దగ్గర మాత్రమే జుమ్మని కొట్టుకుంటే అది ఇరుసు పని కాదు. పక్కపక్కనే ఉన్న రాడ్లు తగులుకుంటూ ఉండవచ్చు, వదులైన స్ప్రింగ్ ఆ కంపనానికి తోడై మోగుతూ ఉండవచ్చు. ఆ స్వరం మోగిస్తూ ఒక్కో రాడ్‌ను వేలితో తాకి చూస్తే ఏది తాకినప్పుడు ఆగిందో దొంగ దొరుకుతుంది. ఒక్కోసారి చప్పుడులో లీవర్ తప్పేమీ ఉండదు. తీగలు మొదలయ్యే చోట వాటి కింద తిరిగే చిన్న రోలర్లుంటాయి. అవి బిగుసుకుంటే తీగ తిరిగి వచ్చేటప్పుడు టింగుమని ఆగి జారుతుంది. వినేవాళ్లు లీవర్‌నే తిడతారు. అందుకే వాద్యాన్ని తలకిందులుగా పెట్టి, ఆంప్ ఆపేసి, లీవర్‌ను చేత్తో అతి నెమ్మదిగా నెట్టి, అంతే నెమ్మదిగా వదలాలి. వేగంగా కదిపితే అన్ని చప్పుళ్లూ ఒక్క టక్కులో కలిసిపోతాయి. నెమ్మదిగా కదిపితే మొదట్లో వచ్చేదీ, దారిలో వచ్చేదీ, చివర వచ్చేదీ విడిపోయి దేనికది వినిపిస్తాయి.

నా వాదనకు అభ్యంతరాలున్నాయి. పికప్ అయస్కాంతంతో పనిచేస్తుంది, ఉక్కు తీగ కదలికనే పట్టుకుంటుంది కనుక బల్ల కింద చప్పుడు శ్రోతకు చేరదు కదా అంటారు. చాలావరకు నిజమే. మైనంతో చుట్టలు బిగించని పాత పికప్ ఆ దెబ్బను కూడా పట్టుకోవచ్చన్నది ఒక చిన్న సవరణ. నాకు ముఖ్యంగా తోచేది వేరే ఉంది. చప్పుడు శ్రోతకు చేరకపోయినా వాయించేవాడి చెవికి చేరుతుంది. ఆ టక్కుకు జంకి మోకాలు లీవర్‌ను చివరిదాకా నెట్టడం మానేస్తుంది, స్వరం సగం దారిలో నిలిచిపోతుంది. పాత రికార్డుల్లో పెడళ్ల చప్పుడు వినపడుతుంది, అదొక అందం అనేవాళ్లూ ఉన్నారు. ఆ రికార్డుల్లో చప్పుడు ఉన్నా శ్రుతి గట్టిగా నిలబడింది. వాళ్లు మెచ్చుకునేది దాన్నే అనుకుంటాను. మరికొందరు ఇది మెకానిక్ పని, వాయించేవాడికెందుకు అంటారు. బడ్డీ ఎమన్స్ అంతటి వాదకుడే షాట్ జాక్సన్‌తో కలిసి 1950ల్లో షో-బడ్ కంపెనీ పెట్టాడు, 1960ల్లో తన పేరుతోనే ఇంకో వాద్యం తయారు చేయించాడు. ఈ వాద్యాన్ని ఇప్పుడున్న రూపానికి తెచ్చినవాళ్లలో పలువురు పగలు రాడ్లు వంచి రాత్రి వేదికెక్కినవాళ్లే. స్క్రూ తిప్పే పని వేరొకరికి అప్పగించవచ్చు. చప్పుడు ఏ చివర పుడుతోందో మాత్రం మోకాలు పెట్టినవాడికే ముందు తెలుస్తుంది.

ఏ మరమ్మతు చేసినా స్టాప్ స్క్రూ కదిలినా కదలకపోయినా శ్రుతి మళ్లీ చూసుకోవాలి. లీవర్ ముట్టకుండా నాలుగో తీగ, లీవర్ నెట్టి ఉంచి అదే తీగ, వదిలేశాక మళ్లీ అదే తీగ. ఈ మూడూ ట్యూనర్ మీద వరుసగా చూడాలి. నెట్టిన స్వరం ఒక్కో ఒత్తిడికి ఒక్కోలా వస్తే మెత్తదనం తప్పు చివర చేరిందని అర్థం. మూడోది మొదటిదానితో కలవకపోతే సందు చూడాలి, సందు సరిగానే ఉంటే రోలర్ చూడాలి.